రెండో చుట్టుకి రాని విమానం

చిన్న విమానాలు దిగేటప్పుడు జరిగే ప్రమాదాలన్నిటికీ గాలే కారణమని ఉద్యోగంలో చేరిన కొత్తలో నమ్మేవాణ్ణి. ప్రతి పైలటూ అదే చెప్పేవాడు మరి. "చివర్లో గాలి మారింది సార్." చక్రాలు దించడం మరిచిపోయి విమానాన్ని పొట్ట మీద దించినాయన కూడా గాలి మారిందనే చెప్పాడు. గాలి మారితే చక్రాలు ఎందుకు దించలేదయ్యా అంటే, ఆ గాలి గురించి ఆలోచిస్తూ ఉండిపోయానన్నాడు. నా సర్వీసు మొత్తంలో గాలి మీద పడినన్ని నిందలు అత్తారింట్లో ఏ కోడలి మీదా పడి ఉండవు.

నేను ఇన్సూరెన్సు సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యాను. మొదట్లో బొమ్మసంద్ర ఫ్యాక్టరీల్లో కాలిపోయిన మోటార్లూ విరిగిన యంత్రాలూ చూసేవాణ్ణి. చదివింది విమానాల ఇంజనీరింగ్ కాబట్టి, బెంగళూరు చుట్టుపక్కల ఎవరి సొంత విమానం పొలంలో దిగబడినా క్రమంగా నన్నే పంపడం మొదలుపెట్టారు. ఫ్యాక్టరీలో యంత్రం విరిగితే విరిగిందని చెప్తారు. విమానం విరిగితే మాత్రం ముందు కాఫీ ఇస్తారు, తర్వాత ఫొటోలు చూపిస్తారు, ఆ తర్వాత గాలి గురించి చెప్తారు. విరిగిన ముక్క దగ్గరికి తీసుకెళ్ళేసరికి మధ్యాహ్నం అయ్యేది.

పల్లెల్లో ఇంకో తంటా ఉండేది. సర్వేయరు వచ్చాడనగానే పొలాలు కొలవడానికి వచ్చాననుకునేవారు. విమానం ఎలా పడిందని నేను అడిగితే, పక్కవాడు గట్టు ఎంత లోపలికి జరిపాడో వాళ్ళు చూపించేవారు.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకి నేను చెప్పే మొదటి మాట ఒకటే. దిగడం కుదిరేట్టు లేకపోతే మళ్ళీ పైకి లేచి ఇంకో చుట్టు తిరిగి రావాలి. అందులో నామోషీ ఏమీ లేదు. నేను చూసిన ప్రమాదాల్లో చాలావాటికి మూలం ఆ రెండో చుట్టు తిరగడానికి మనసొప్పకపోవడమే. కింద యజమాని చూస్తున్నాడు, బంధువులు సెల్‌ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు, మళ్ళీ పైకి లేస్తే ఏమనుకుంటారోనని బలవంతంగా దించి ముక్కు విరగ్గొట్టుకుంటారు. విమానం ముక్కు విరిగితే ఏమనుకుంటారో మాత్రం ఆలోచించరు.

అందుకే దొడ్డబళ్ళాపురం దాటాక ఉన్న ఒక సొంత రన్‌వేకి వెళ్ళినప్పుడు, అక్కడి పైలట్‌ని చూసి సంతోషించాను. ఆయన ప్రతిసారీ రెండో చుట్టు తిరిగే దిగుతాడని చెప్పారు. ఇన్నాళ్ళకి బుద్ధిమంతుడు దొరికాడనుకున్నాను. ఎందుకు తిరుగుతాడో తెలిసేదాకానే ఆ సంతోషం.

ఆ రన్‌వే యజమానికి మరమగ్గాల ఫ్యాక్టరీ ఉంది. తాతలనాడు కర్ణాటకలో స్థిరపడిన తెలుగు కుటుంబం. నలుగురు పట్టే ఒక పాత విమానం కొని, పొలాలు కొని, వాటి మధ్యలో తారు రన్‌వే వేయించాడు. పైలట్ గోదావరి జిల్లాల మనిషి. ఫ్లయింగ్ స్కూల్లో చాలాకాలం పాఠాలు చెప్పి, యాభై దాటాక ఈ ఉద్యోగంలో చేరాడు. ఊళ్ళో అందరూ కెప్టెనప్ప అనేవారు.

నేను మొదటిసారి వెళ్ళింది చిన్న ప్రమాదానికే. విమానం దిగాక బ్రేకు వేస్తే ఆగకుండా జారిపోయి, రన్‌వే పక్కనున్న మల్బరీ తోటలోకి వెళ్ళింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ముందున్న ఫ్యాన్ రెక్కలు మాత్రం వంగాయి. కెప్టెన్ గాలి మాట ఎత్తలేదు. వంగి రన్‌వే మీద నుంచి పిడికెడు గింజలు ఏరి నా చేతిలో పోశాడు. ఉలవలు.

"వీటి మీద జారిందండీ," అన్నాడు.

విషయం ఏమిటంటే, ఆ ఊరి కళ్ళం రన్‌వే కిందికి పోయింది. ఉలవ కోతలవగానే మొక్కలు ఎక్కడ పరిచి తొక్కించాలి? ఎదురుగా నున్నటి తారునేల ఉంది. విమానం వారానికి ఒకసారో రెండుసార్లో వస్తుంది. మిగతా రోజులు ఖాళీయే కదా అని ఊరంతా అక్కడే ఉలవలు పరిచి, ట్రాక్టరుతో తొక్కించి, తూర్పారబట్టుకోవడం మొదలుపెట్టారు.

యజమానిని పట్టుకుని అడిగాను. రన్‌వే మీద గింజ కనపడితే ఇన్సూరెన్సు ఉండదని చెప్పాను.

"సార్, వాళ్ళ కళ్ళం నేనే కొనేసినా. ఇప్పుడు ఆరబొయ్యొద్దంటే ఎట్ల? రేపు ఎలక్షన్‌లో నిలబడల్లా వద్దా నేను?" అన్నాడు. "మీరు సుమ్నే టెన్షన్ చేసుకోవద్దు. కెప్టెన్ ఒక పద్ధతి పెట్టినాడు."

ఆ పద్ధతి గురించి కెప్టెన్ ఎంతో సంబరంగా చెప్పాడు. వచ్చిన విమానం వెంటనే దిగదు. ముందు రన్‌వే మీదుగా తక్కువ ఎత్తులో ఒకసారి పోతుంది. అది ఊరికి కబురు. అది పోయాక జనం లేచి, గింజల కింద పరిచిన టార్పాలిన్ పట్టలు లాగి, ట్రాక్టరు తప్పించి, చీపుళ్ళతో గింజలు ఊడ్చేస్తారు. విమానం చుట్టు తిరిగి రెండోసారి వచ్చేసరికి రన్‌వే అద్దంలా ఉంటుంది. తోటలోకి జారిన రోజు మాత్రం ఊడ్చడంలో కొన్ని గింజలు మిగిలిపోయాయట.

"మొదటిసారే దిగాల్సి వస్తేనో?" అన్నాను.

"ఎందుకు దిగుతానండీ?"

"ఇంజను ఆగిపోతే?"

"ఆగకుండా చూడ్డానికేగా మీలాంటివాళ్ళు ఏడాదికోసారి వచ్చి అన్నీ తనిఖీ చేసి వెళ్ళేది," అని నవ్వాడు. "కంగారుపడకండి సార్. మొదట్లో విమానం కనబడగానే బెదిరిపోయి, గింజలొదిలేసి పరిగెత్తేవారు. ఒక ముసలాయన పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అందుకే నేనే నెమ్మదిగా అలవాటు చేశాను. మొదటిసారి వస్తే మీ జోలికి రాను, నిదానంగా లేవండి అని."

మంచివాడితో వాదించడం ఎంత కష్టమో నాకు అక్కడే తెలిసింది. చెడ్డవాడైతే కోప్పడతాం, పనైపోతుంది. ఈయన తప్పు పని చేస్తూ, దాన్ని జాలితో చేస్తూ, పైగా నన్ను భోజనానికి ఉండమంటాడు.

ఇక జనానికైనా చెబుదామని రన్‌వే మీదికి వెళ్ళాను. ఊరంతా అక్కా అని పిలిచే నడివయసు ఆవిడ చేట పట్టుకుని కూర్చుని ఉంది. ఆమె మాటంటే మిగతావాళ్ళు వింటారని చెప్పారు.

"నువ్వేనాప్పా సర్వే చేసేది? మా గట్టు చూసినావా, ఎంత లోపలికి జరిపినారో?" అంది.

గట్టు సంగతి నాకు సంబంధం లేదని చెప్పి, విమానం కనపడగానే లేచిపొమ్మన్నాను. చుట్లు లెక్కపెట్టవద్దన్నాను.

"కనపడిన విమానానికల్లా లేస్తే ఉలవలు కొట్టేది ఎప్పుడప్పా? దేవనహళ్ళి ఏర్‌పోర్టుకి పొయ్యేటివి దినమంతా మా నెత్తి మిందనే పోతా ఉండాయి. ఏది మాదని ఎట్ల తెలిసేది? మా కెప్టెనప్పదైతే ఒక తూరి వచ్చి చెప్పి పోతాది. అప్పుడు లేస్తాము."

"ఆయన చెప్పకుండా వస్తే?"

"చెప్పకుండా యాల వస్తాడు? మాట ఇచ్చినాడు కదా." చేటలో ఉలవలు ఎగరేస్తూ ఇంకో ఫిర్యాదు చేసింది. "అయితే ఒగటి చెప్పు ఆయనకి. తొలి తూరి వచ్చేటప్పుడు ఆ గాలికి ఉలవ పొట్టు అంతా మళ్ళా గింజల్లో కలిసిపోతా ఉండాది. కొంచెం మెల్లంగా రమ్మను."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టైంది. ఈ పద్ధతి మానాలని రిపోర్టులో రాశాను. కంపెనీవాళ్ళు యజమానికి పంపారు. యజమాని ఖండితంగా మానేస్తామని జవాబిచ్చాడు. ఉలవలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

తర్వాతి ఏడు మళ్ళీ ఉలవ కోతల కాలంలోనే తనిఖీకి వెళ్ళాను. కెప్టెన్ యజమానిని తీసుకుని మైసూరు వెళ్ళాడనీ, పొద్దెక్కేలోపు వచ్చేస్తాడనీ చెప్పారు. షెడ్డు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. రన్‌వే నడిమధ్యలో పదిమందికి పైగా ఉన్నారు. ట్రాక్టరు అడ్డంగా నిలిపి ఉంది. అక్క చేటతో తూర్పారబడుతోంది. చూసి ఒళ్ళు మండింది. ఈసారి ఇన్సూరెన్సు ఆపెయ్యమని రాసి పారేద్దామని నిశ్చయించుకున్నాను.

విమానం వస్తే ముందు చప్పుడు వినపడాలి. నేను దానికోసమే చెవి వేసి ఉన్నాను. చప్పుడు లేకుండానే విమానం కనపడింది. కొండ మీదుగా దిగుతూ తిన్నగా ఇటే వస్తోంది. ముందున్న ఫ్యాన్ తిరగడం లేదు. దాని రెక్క కర్రలా నిలబడి ఉంది.

ఇంజను ఆగిన చిన్న విమానం రాయిలా పడిపోదు. గాలిలో జారుకుంటూ కొంతదూరం రాగలదు. కానీ మళ్ళీ పైకి లేవలేదు, రెండో చుట్టు తిరగలేదు. ఆ రోజు దానికున్నది ఒక్కటే రాక.

నేను పరిగెత్తాను. నా వయసుకి, నా పొట్టకి అది పరుగని ఎవరూ అనరు. చేతులూపుతూ, లేవండి లేవండని అరుస్తూ పోయాను. అందరూ విమానం వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. ఒక్కరూ కదల్లేదు.

"యాలప్పా అట్ల పరిగెత్తుతావు? పడతావు," అంది అక్క. "ఇది తొలి తూరి. ఇంగొక చుట్టు ఉండాది."

"లేదు. ఇంజను ఆగిపోయింది. చప్పుడు ఏది? విను."

ఆమె తల వంచి విన్నది. మొహం విప్పారింది.

"చెప్పినావా నువ్వు ఆయనకి? మెల్లంగా వస్తా ఉండాడు చూడు, పొట్టు లేవకుండా," అని విమానం వైపు చెయ్యి ఊపింది.

ఆ క్షణంలో నాకు భయం కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. యజమాని మీద, కెప్టెన్ మీద, చేట పట్టుకున్న ఆమె మీద, ఉలవల మీద కూడా. ఆమె రెక్క పట్టుకుని లాగాను. ఆమె ఒక్కత్తీ లేస్తే ఏం లాభం? మిగతావాళ్ళు కూర్చునే ఉన్నారు.

రన్‌వే అంచుకి వచ్చేసిన విమానం కుడివైపుకి ఒరిగింది. మనుషులకి కొంచెం దూరంలో రన్‌వే వదిలేసి మల్బరీ తోట మీదికి పోయింది. చక్రాలు తోట గట్టుకి తగిలి ఊడిపోయాయి. విమానం ముక్కు మీద పడి, తోక పైకి లేచి, పక్కకి ఒరిగి ఆగింది. ఆ చప్పుడుకి లేచారు అందరూ.

అందరికన్నా ముందు పరిగెత్తింది అక్కే. యజమాని తలుపు తోసుకుని తనే బయటికి వచ్చాడు, నుదుటి మీద చిన్న గాయం. కెప్టెన్ మాత్రం సీట్లోంచి కదల్లేకపోయాడు. పెట్రోలు కారుతోంది, ఉంచడానికి లేదు. నడుము కదపవద్దని నేను అరుస్తుంటే, ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి ఆయన కిందికి ఉలవల పట్ట తోసి, దాన్ని నాలుగువైపులా పట్టుకుని మెల్లగా బయటికి తెచ్చారు. దారి పొడుగునా అక్క ఆయన్నే తిడుతోంది.

"చుట్టు తిరిగి రావద్దా కెప్టెనప్పా? వచ్చినప్పుడల్లా తిరిగేవాడివి, ఈ పొద్దు ఏమాయె నీకు?"

సాయంత్రానికల్లా యజమాని ఎలక్షన్ మరిచిపోయాడు. తన రన్‌వే మీదికి జనం దొమ్మీగా చొరబడ్డారనీ, వాళ్ళ వల్లే ప్రాణం మీదికి వచ్చిందనీ పోలీసులకి ఫిర్యాదిచ్చాడు. ఉలవలు ఆరబోసుకోమని తానెప్పుడూ అనలేదన్నాడు. మర్నాడు అక్కనీ మరికొందరినీ స్టేషనుకి పిలిపించి పొద్దంతా బెంచీ మీద కూర్చోబెట్టారు. కేసు పెడితే ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరగాలి. టీవీవాళ్ళేమో కెప్టెన్ ఫొటో వేసి, పదిమంది ప్రాణాలు కాపాడిన వీరుడన్నారు.

అంటే ఆయనకి దారి తేటగానే ఉంది. చెప్పకుండా జనం అడ్డం వచ్చారని ఒక్కమాట అంటే చాలు. వీరుడిగా మిగులుతాడు. లైసెన్సు ఉంటుంది. యజమాని ఆస్పత్రి ఖర్చు పెట్టుకుని ఉద్యోగంలోనూ ఉంచుకుంటాడు. పద్ధతి పెట్టింది తానేనని ఒప్పుకుంటే మాత్రం, జనాన్ని రన్‌వే మీద కూర్చోబెట్టి విమానం నడిపాడని విమానయాన శాఖవాళ్ళు ఊరుకోరు.

ఆయన వాంగ్మూలం తీసుకోవడానికి ఆస్పత్రికి వెళ్ళాను. పైకప్పు చూస్తూ వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"ఏం రాసుకుంటారు సార్?" అన్నాడు.

"మీరు చెప్పింది."

"అయితే జనం అడ్డం వచ్చారని రాయకండి. నేను కూర్చోమన్న చోటే కూర్చున్నారని రాయండి."

మనసులో ఎక్కడో ఆయన ఇలాగే అంటాడని తెలుసు. అయినా వాదించాను. అది నా పని కాదు, సర్వేయరు ఎవరికీ సలహా చెప్పకూడదు. "లైసెన్సు పోతుంది. నడుము ఏడాదిలో నయమవుతుందంటున్నారు డాక్టర్లు. మళ్ళీ ఎగరొచ్చు మీరు. తొందరపడకండి," అన్నాను.

"నేను దిగుతుంటే ఆవిడ నా వైపు చెయ్యి ఊపిందండీ," అన్నాడు. "బాగా కనపడింది. నవ్వుతోంది."

నాకు ఏడుపు వచ్చింది, ఆ ఏడుపు రప్పించినందుకు ఆయన మీద కోపమూ వచ్చింది. ఇంత బుద్ధి ఉన్నవాడు ఆ పద్ధతి పెట్టేముందు ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఇద్దరం హాయిగా ఉండేవాళ్ళం. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుని సంతకం తీసుకున్నాను.

ఊరివాళ్ళ మీద ఫిర్యాదు నిలవలేదు. కెప్టెన్ లైసెన్సు రద్దయింది. యజమాని రన్‌వే చుట్టూ గోడ కట్టించాడు. తర్వాత విమానాల మీద మోజు తీరి, ప్లాట్లు వేసి అమ్మేస్తున్నాడని విన్నాను. నేనూ రిటైరయ్యాను.

మొన్న ఏదో పెళ్ళికి గౌరీబిదనూరు వైపు వెళ్తుంటే కారు నెమ్మదించింది. రోడ్డు మీద సగం దాకా ఉలవ మొక్కలు పరిచి ఉన్నాయి. లారీలూ బస్సులూ వాటిని తొక్కుకుంటూ పోతున్నాయి. మధ్యలో చేటతో అక్క. జుట్టు బాగా నెరిసింది. కారు పక్కకి తీయించి దిగాను.

నన్ను గుర్తుపట్టింది. "గట్టు కొలవకుండా పోయిన అప్ప," అంది పక్కనున్నవాళ్ళతో.

ఇది హైవే అనీ, ఇక్కడ కూర్చోవడం ఏమిటనీ కోప్పడ్డాను.

"ఆడ గోడ కట్టేసిరి. యాడికి పొయ్యేది?" అంది. "ఇదే మేలు. లారీలే తొక్కి పెడతాయి, ట్రాక్టరు బాడిగ మిగులుతాది."

మాట్లాడుతుండగానే ఒక లారీ హారన్ కొట్టుకుంటూ వచ్చింది. మిగతావాళ్ళు లేచి పక్కకి జరిగారు. ఆమె లేవలేదు. చేట ఆడించడం కూడా ఆపలేదు. లారీ ఆఖరి నిమిషంలో పక్కకి తిరిగి, డ్రైవరు కన్నడంలో పెద్ద పెద్ద తిట్లు తిట్టుకుంటూ పోయాడు.

"లేవవేం?" అన్నాను.

"వాడే తప్పుకుంటాడు లేప్పా. ఇంజను ఆగిపోయి, పై నుంచి పడిపొయ్యే మనిషే మమ్మల్ని చూసి తప్పుకునె. చేతిలో స్టీరింగు పెట్టుకుని పొయ్యేవాడు తప్పుకోడా?"

వచ్చేటప్పుడు కెప్టెనప్పకి ఇమ్మని ఒక సంచి ఉలవలు కారులో పెట్టించింది.

కెప్టెన్ ఇప్పుడు బెంగళూరు మడివాళలో, పీజీ హాస్టళ్ళ మధ్య ఒక చిన్న ఫ్లాటులో ఉంటున్నాడు. పైలట్ పరీక్షలు రాసే పిల్లలకి ఇంట్లోనే పాఠాలు చెప్తాడు. నడుముకి బెల్టు ఉంటేగానీ కూర్చోలేడు, బెల్టున్నా ఎక్కువసేపు కూర్చోలేడు. నేను వెళ్ళేసరికి బెల్టు తీసి పడుకుని ఉన్నాడు, సంచి చూసి మొహం వెలిగింది. అందరూ ఎలా ఉన్నారని ఒక్కొక్కరినీ పేరుపేరునా అడిగాడు. బాగున్నారని చెప్పి లేచిపోవాలనే అనుకున్నాను. కానీ ఎక్కడ ఆరబోస్తున్నారని అడిగేసరికి నోరు ఆగలేదు. రోడ్డు సంగతి, లారీ సంగతి, ఆమె అన్న మాట, అన్నీ చెప్పేశాను.

ఆయన చేతిలోని ఉలవలు మెల్లగా సంచిలో పోసేశాడు. లేచి, గోడకి తగిలించిన బెల్టు అందుకుని నడుముకి బిగించుకోవడం మొదలుపెట్టాడు.

"కారు తెచ్చారా సార్?" అన్నాడు.

సిల్కుబోర్డు కూడలిలో ట్రాఫిక్ దాటడానికే గంట పడుతుందనీ, అంత దూరం కూర్చుంటే మళ్ళీ మంచం ఎక్కాల్సి వస్తుందనీ, తీరా వెళ్ళి చెప్పినా వాళ్ళు వినరనీ చెప్పాను. అరిచాను కూడా. ఆయన అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.